జాంబియాకి దసరా సెలవుల్లో వెళ్ళాలా, వేసవి సెలవుల్లోనా?

దసరా సెలవుల్లో అమ్మగారినీ, పదకొండేళ్ళ బాబునీ తీసుకుని పది రోజులు జాంబియా వెళ్దామనుకుంటున్నామనీ, విక్టోరియా జలపాతం, సఫారీ, రాఫ్టింగ్ మూడూ ఒకే ట్రిప్పులో కుదురుతాయా అనీ అడిగారు. మూడూ కుదరవండి. జలపాతం, జంతువులు రెండూ తృప్తిగా చూడాలంటే మాత్రం దసరా ఆలోచన మానుకుని, వచ్చే వేసవిలో మే ఆఖరి వారానికి పెట్టుకోండి.

మా అక్కావాళ్ళు కొన్నేళ్ళు కిట్వేలో ఉన్నారు, బావ అక్కడి రాగి గనిలో ఇంజనీరు. అందువల్ల మూడుసార్లు వెళ్ళాను, మూడూ వేరువేరు నెలల్లో.

మొదటిసారి అక్టోబరు ఆఖరు. అమ్మ కూడా వచ్చింది. లివింగ్‌స్టన్‌లో దిగి, మర్నాడు పొద్దున్నే జలపాతం దగ్గరికి వెళ్తే ఎదురుగా ఎత్తయిన నల్లరాతి గోడ, దాని మీద అక్కడక్కడ దారప్పోగుల్లా నీళ్ళు. "ఇదేనా నాన్నా?" అంది అమ్మ. అంత దూరం తీసుకొచ్చి ఇది చూపించానే అని ప్రాణం ఉసూరుమంది. జలపాతం జాంబియా, జింబాబ్వే సరిహద్దులో ఉంది. తర్వాత 1905లో కట్టిన వంతెన దాటి జింబాబ్వే వైపు వెళ్తే అక్కడ నీళ్ళున్నాయి. అటు చివర అంచు కాస్త పల్లంగా ఉంటుంది కాబట్టి నది ఎంత తగ్గినా అక్కడ పారుతూనే ఉంటుంది. అదే వారం సౌత్ లువాంగ్వా పార్కుకి వెళ్తే మాత్రం కళ్ళు చాల్లేదు. చెరువులన్నీ ఎండిపోయి జంతువులన్నీ నది ఒడ్డుకే చేరాయి. మిగిలిన మడుగుల్లో హిప్పోలు ఒకదాని మీద ఒకటి. ఒడ్డు మట్టిలో బొరియలు తవ్వుకుని గూళ్ళు పెట్టుకున్న ఎర్రటి బీ-ఈటర్ పిట్టలు వందలకొద్దీ. కానీ ఆ ఎండ! మధ్యాహ్నాలు అమ్మ తడి తువ్వాలు తలమీదినుంచి తియ్యలేదు.

రెండోసారి ఏప్రిల్. శ్రీశైలం గేట్లన్నీ ఎత్తినప్పుడు చూసుంటారు కదా, అలాంటిది 1,708 మీటర్ల వెడల్పున, వంద మీటర్లకు పైబడిన లోతులోకి పడుతోందనుకోండి. మోసి-ఓ-తున్యా, అంటే ఉరిమే పొగ, అని అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు ఎంత నిజమో అప్పుడు తెలిసింది. ఎదురుగా ఉన్న నైఫ్ ఎడ్జ్ వంతెన మీద నిలబడితే తుంపర కింద నుంచి పైకి కురుస్తుంది. హోరు గుండెల్లో అదురుతుంది గానీ జలపాతం కంటికి ఆనదు, అంతా తెల్లటి పొగే. పౌర్ణమి రోజుల్లో రాత్రి కూడా తెరుస్తారు. వెన్నెలకి ఇంద్రధనుస్సు పడుతుంది, బూడిదరంగు వంపులా. అది మాత్రం ఎప్పటికీ మరిచిపోలేను. ఆ ట్రిప్పులో అడవి జోలికి పోలేదు. వానలకి లోపలి దారులు బురదై చాలా క్యాంపులు మూసేశారు.

వానలు మార్చిలో తగ్గితే వరద ఏప్రిల్లో రావడమేమిటని నాకూ అనుమానం వచ్చింది. ఈ జలపాతంగా దూకే జాంబేజీ నది ఎక్కడో జాంబియా వాయవ్యాన పుట్టి, అంగోలా మీదుగా వచ్చి, బారోట్సే మైదానమంతా పరుచుకుని మెల్లగా దిగుతుంది. ఆ నీళ్ళు జలపాతానికి చేరేసరికి అంత ఆలస్యం. అందుకే మే చివర, జూన్ మొదట్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, నీళ్ళూ నిండుగానే ఉంటాయి, తుంపర కొంచెం పలచబడి జలపాతమూ కనిపిస్తుంది. అడవి క్యాంపులూ అప్పుడే ఒక్కొక్కటీ తెరుస్తారు. మన బడులు తెరిచేలోపు తిరిగి రావచ్చు.

మూడోసారి జూన్ మొదటి వారం వెళ్ళి లువాంగ్వాలో నడక సఫారీ చేశాను. 1950ల్లో నార్మన్ కార్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి అది. ముందు తుపాకీతో స్కౌట్, వెనక గైడ్, ఆ వెనక మనం ఒకే వరసలో, మాటల్లేకుండా. గైడ్ చిన్న గుడ్డసంచిలోంచి బూడిద విదిలించి గాలి ఎటుందో చూసుకుంటూ నడిచాడు. మన వాసన జంతువుకి తగలకూడదు. ఒకచోట వంగి ఏనుగు అడుగు చూపించాడు. పళ్ళెమంత గుండ్రన, లోపలంతా బీటలు వారిన చెరువు అడుగులా గీతలు. మన వేలిముద్రల్లాగే ఆ గీతలూ ఏ ఏనుగువి దానివే. వేలు పెట్టి తడిమితే మట్టి ఇంకా చల్లగా, తడిగా ఉంది. నలభై అడుగులు వేశామో లేదో, పొద మీద దాని వీపు కనిపించింది. గైడ్ చెయ్యెత్తాడు. అది వెళ్ళిపోయేదాకా అందరం కదలకుండా నిలబడ్డాం. జీపులో కూర్చుని ఎన్ని ఏనుగుల్ని చూసినా అలా ఉండదు. చాలా క్యాంపుల్లో నడకకి పన్నెండేళ్ళు నిండాలంటారు, బాబు వయసు చెప్పి ముందే అడగండి. కుదరకపోయినా బెంగలేదు, స్పాట్‌లైటు వేసుకుని జీపులో వెళ్ళే రాత్రి సఫారీ ఉంది, చిరుతలకి ఈ పార్కు పెట్టింది పేరు.

రాఫ్టింగ్ ఇప్పుడు వద్దు. పదిహేనేళ్ళ లోపు వాళ్ళని ఎక్కించుకోరు. పైగా నీళ్ళు తగ్గాక, ఆగస్టు తర్వాతే అది బాగుంటుంది. బాబు పెద్దయ్యాక అందుకోసమే ఒక అక్టోబరులో వెళ్ళండి.

తిండికి ఇబ్బంది పడరు. న్షిమా అని మొక్కజొన్న పిండితో చేస్తారు, మన సంకటిలాగే చేత్తో ముద్ద చేసుకు తినడమే. ఆకుకూర పల్లీపొడి వేసి వండిన ఇఫిసాషి అడిగి తెప్పించుకోండి, అమ్మగారికి నచ్చుతుంది. మలేరియా మాత్రలు బయల్దేరకముందే మొదలుపెట్టాలి, డాక్టర్ని కలవండి. ముదురు నీలం, నల్ల బట్టలు సర్దకండి. సెట్సీ ఈగలు ఆ రంగులకే వస్తాయి, జీన్స్ మీదినుంచి కూడా కుడతాయి, నా మోకాలు రెండురోజులు వాచింది. ఇంకొకటి, ఆఫ్రికా కదా అని స్వెటర్లు మానెయ్యకండి. జూన్‌లో పొద్దున్న ఆరింటికి పైకప్పు లేని జీపులో చలి కోసేస్తుంది, అమ్మగారికి మంకీ క్యాపూ శాలువా చేతిసంచిలోనే పెట్టండి.