టర్బో సీలో 55 మిల్లీసెకన్ల కంటే తక్కువ టైమ్ కొలవడం ఎలా?

పాత 386 కంప్యూటర్ మీద, డాస్‌లో, టర్బో సీ (పాత సీ కంపైలర్) వాడి, సార్టింగ్ ఫంక్షన్‌కి టైమ్ చెప్పే క్లాక్() పెట్టి కొలిస్తే ఒకసారి 0, ఇంకోసారి 0.054945 సెకన్లు వస్తోందని, మధ్యలో ఏ విలువా రావడం లేదని అడిగారు. మీ కోడ్‌లో తప్పేం లేదు. నేనూ ఇదే చూసి రెండు రోజులు నా లూపునే అనుమానించాను.

బయోస్ (కంప్యూటర్‌లో ముందే ఉండే మూల ప్రోగ్రామ్) మెమరీలో 0040:006సీ అడ్రస్ దగ్గర పెంచుకుంటూ పోయే టిక్కుల లెక్కే క్లాక్()కి ఆధారం. అది సెకనుకి దాదాపు 18.2 సార్లే, అంటే 55 మిల్లీసెకన్లకోసారి మారుతుంది. గెట్‌టైమ్() సెకనులో వందో వంతు చూపిస్తుంది కదా అని మురిసిపోకండి. వరసగా ప్రింట్ చేసి చూస్తే 5, 6 చొప్పున దూకుతూ ఉంటుంది.

ఆ టిక్కులు పుట్టించేది 8253 లేదా 8254 టైమర్ చిప్. సెకనుకి 11,93,182 పల్సులు తీసుకుని, 65,536 పల్సులకోసారి ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ని ఆపి పిలిచే సిగ్నల్) కొడుతుంది. కాబట్టి టిక్కు లోపల ఎంత గడిచిందో దానికి తెలుసు, మనం అడగాలంతే. చిప్‌తో మాట్లాడే పోర్టు 43హెచ్‌కి (హెచ్ అంటే హెక్స్ సంఖ్య) 0 పంపితే, పల్సుల్ని లెక్కపెట్టే కౌంటర్‌లో ఆ క్షణం ఉన్న విలువను పట్టి ఉంచుతుంది. తర్వాత 40హెచ్ నుంచి కింది బైటు, పై బైటు వరసగా చదవండి. ఒక్కో పల్సు 838 నానోసెకన్లు.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. బయోస్ ఈ చిప్‌ని సాధారణంగా మోడ్ 3లో పెడుతుంది. అందులో కౌంటర్ రెండేసి తగ్గుతూ ఒక్క టిక్కులో రెండు రౌండ్లు తిరుగుతుంది. నాకు కొన్నిసార్లు నెగటివ్ టైమ్ వచ్చింది! ప్రోగ్రామ్ మొదట్లో 43హెచ్‌కి 34హెచ్, ఆపైన 40హెచ్‌కి రెండు సున్నాలు పంపితే, ఒక్కోటి చొప్పున తగ్గే మోడ్ 2లోకి మారుతుంది. టిక్కుల వేగం మారదు కాబట్టి డాస్ గడియారానికి ఢోకా లేదు. డివైజర్ (ఆ 65,536 సంఖ్య) తగ్గించి ఇంటరప్ట్‌నే వేగంగా కొట్టించే పద్ధతీ ఉంది కానీ, పాత హ్యాండ్లర్‌ని (ఇంటరప్ట్ వచ్చినప్పుడు నడిచే కోడ్‌ని) లెక్క తప్పకుండా పిలవాలి, బయటికొచ్చేటప్పుడు అన్నీ సరిచేయాలి. కొలవడానికి అంత తలనొప్పి అనవసరం.

ఇంకో మెలిక. కౌంటర్ చదివే క్షణంలోనే టిక్కు మారితే లెక్క 55 మిల్లీసెకన్లు తప్పుతుంది. అందుకే ముందు టిక్కు చదివి, డిసేబుల్()తో ఇంటరప్టులు ఆపి కౌంటర్ చదివి, ఎనేబుల్()తో వాటిని వదిలి మళ్లీ టిక్కు చదవండి. రెండు టిక్కులూ ఒకటి కాకపోతే మొదటినుంచి చదవాలి. ఒకటే అయితే టిక్కును 65,536తో గుణించి, 65,536లోంచి కౌంటర్ తీసేసి కలపండి (కౌంటర్ 0 వస్తే దాన్ని 65,536గా తీసుకోండి). పనికి ముందు, తర్వాత ఇలా చదివి, తేడాని 838 నానోసెకన్లతో గుణిస్తే టైమ్ వస్తుంది.

పోర్టులు చదవడానికే కొన్ని మైక్రోసెకన్లు పోతాయి. మధ్యలో ఏ పనీ లేకుండా రెండుసార్లు చదివి, వచ్చిన తేడాని మీ ఫలితంలోంచి తీసేయండి.