జర్మనీలో పబ్లిక్ ఇన్సూరెన్స్ వదిలి ప్రైవేట్‌కి మారాలా?

ప్రశ్న: మేం మ్యూనిక్‌లో ఉంటున్నాం. నా వయసు 36, జీతం ఏడాదికి 84,000 యూరోలు. నా భార్య ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు. పాపకు మూడేళ్లు, రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నాం. పబ్లిక్ హెల్త్ ఇన్సూరెన్స్ కోసం నా జీతంలోంచి నెలకు 508 యూరోలు పోతున్నాయి. ప్రైవేట్‌కి మారితే ప్రీమియం 620, సగం కంపెనీయే కడుతుంది కాబట్టి మీకు పడేది 310 అని ఏజెంటు అంటున్నాడు. స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ కూడా త్వరగా దొరుకుతుందట. మారిపోమంటారా? వరంగల్‌లో ఉన్న అమ్మానాన్నల్ని మా ఇన్సూరెన్స్‌లో చేర్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: మారకండి. మీ ఏజెంటు చెప్పిన 620 యూరోలు మీ ఒక్కరికే. మీ ఆవిడ, పాప ఆ లెక్కలో లేరు.

పబ్లిక్‌లో ఇప్పుడు మీరు కడుతున్న 508తోనే ముగ్గురికీ వైద్యం అందుతోంది. సంపాదన లేని జీవిత భాగస్వామికి, పిల్లలకు అక్కడ విడిగా ప్రీమియం ఉండదు. రేపు రెండో బిడ్డ పుట్టినా ఒక్క యూరో కూడా పెరగదు. ప్రైవేట్‌లో మనిషికో పాలసీ, మనిషికో ప్రీమియం. ఉదాహరణకు మీ ఆవిడకు 450, పాపకు 170 అనుకుందాం. మీతో కలిపి 1,240 అవుతుంది. కంపెనీ అందులో సగం ఇవ్వదు. 2026లో దాని వాటాకు గరిష్ఠ పరిమితి నెలకు సుమారు 508 యూరోలే. మిగిలిన 732 మీ జేబులోంచి పోతాయి. నెలకు 200 మిగులుతాయన్న చోట 220కి పైగా ఎక్కువ కడతారన్నమాట. (వృద్ధాప్యంలోనో జబ్బుతోనో రోజువారీ పనులకు ఒకరి సాయం అవసరమైతే ఆదుకునే దీర్ఘకాలిక సంరక్షణ బీమాకు కట్టేది రెండు చోట్లా విడిగా ఉంటుంది కాబట్టి ఇక్కడ కలపలేదు.)

ఈ తేడా ఎందుకొస్తుందో తెలిస్తే నిర్ణయం తేలికవుతుంది. 1883లో జర్మనీ చాన్సలర్ బిస్మార్క్ హయాంలో కార్మికుల కోసం మొదలైన పబ్లిక్ పద్ధతిలో జీతాన్ని బట్టి కడతారు, జబ్బును బట్టి వైద్యం పొందుతారు. మూల చందా జీతంలో 14.6 శాతం. దానిపై ఒక్కో బీమా సంస్థ అదనపు చందా వేస్తుంది. 2026కి ప్రభుత్వం ప్రకటించిన సగటు 2.9 శాతం. రెంటిలోనూ సగం మీది, సగం కంపెనీది. నెలకు 5,812.50 యూరోలు దాటిన జీతంపై చందా లేదు. ప్రైవేట్ ప్రీమియం మీ జీతాన్ని చూడదు. చేరేనాటి వయసును, ఆరోగ్యాన్ని, మీరు కోరుకున్న సౌకర్యాలను చూస్తుంది. థైరాయిడ్, బీపీ, పాత వెన్నునొప్పి, ఏదున్నా దరఖాస్తులో రాయాలి. దాస్తే తర్వాత పాలసీనే రద్దు చేయగలరు. ఇక ఏళ్లు గడిచి వైద్యం ఖర్చులు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతూ పోతుంది. రిటైరయ్యాక ఆదాయం తగ్గినా అది తగ్గదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. జీతం ఏడాదికి 77,400 యూరోలు దాటిన ఉద్యోగులు 2026లో ప్రైవేట్‌కి వెళ్లవచ్చు, మీరూ వెళ్లవచ్చు. తిరిగి రావడం మాత్రం మీ ఇష్టం కాదు. సాధారణంగా జీతం ఆ పరిమితికి దిగువకు పడితేనే పబ్లిక్ మళ్లీ తీసుకుంటుంది. 55 ఏళ్లు దాటితే ఆ దారి కూడా దాదాపు మూసుకుపోతుంది. వయసులో ఉండగా చవకగా బయట ఉండి, జబ్బుల వయసులో అందరి చందాల మీద ఆధారపడడానికి వస్తారనే చట్టం అలా కట్టడి చేసింది. అది న్యాయమే అనిపిస్తుంది నాకు. మరోవైపు, మీరు కొన్నేళ్లకు హైదరాబాద్ వచ్చేస్తే, వృద్ధాప్యం కోసమని ప్రైవేట్ సంస్థ మీ ప్రీమియంలోంచి పక్కన పెట్టిన నిధి మీ చేతికి రాదు.

పెళ్లికాని ఆరోగ్యవంతులకు, భార్యాభర్తలిద్దరూ ఆ పరిమితికి మించి సంపాదిస్తున్నవారికి ప్రైవేట్ నప్పవచ్చు. మీ ఇంటి పరిస్థితి అది కాదు.

అపాయింట్‌మెంట్ గురించి ఏజెంటు చెప్పింది నిజమే. చర్మ వ్యాధుల డాక్టరు కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు నాకూ తెలుసు. దానికి ఇన్సూరెన్స్ మార్చనక్కర్లేదు. మీ ఫ్యామిలీ డాక్టర్ని రెఫరల్ మీద అత్యవసర కోడ్ వేయమని అడిగి, అపాయింట్‌మెంట్లు ఇప్పించే సేవా కేంద్రం నంబరు 116117కి ఫోన్ చేయండి. నాలుగు వారాల్లోపు ఎవరో ఒక స్పెషలిస్టు దగ్గర సమయం ఇప్పించాల్సిన బాధ్యత వాళ్లది. డాక్టరును ఎంచుకునే వీలు మాత్రం ఉండదు.

డబ్బు ఆదా చేయాలనుకుంటే పబ్లిక్‌లోనే మీ సంస్థ అదనపు చందా ఎంతో చూడండి. వైద్యం చాలావరకు చట్టం నిర్ణయించిందే కాబట్టి ఏ సంస్థలోనైనా ఇంచుమించు ఒకటే. మీ జీతానికి ఒక శాతం తేడా అంటే మీ వాటాలో నెలకు 29 యూరోలు. పన్నెండు నెలల సభ్యత్వం పూర్తయితే మారవచ్చు. చందా పెంచితే అంతకన్నా ముందే మారే హక్కుంది. పబ్లిక్ అంతగా ఆదుకోనిది పళ్ల విషయంలోనే. క్రౌన్, ఇంప్లాంట్ లాంటివాటికి మీ చేతి నుంచి చాలానే పెట్టాలి. ఆ ఒక్కదానికి విడిగా అదనపు డెంటల్ పాలసీ తీసుకోండి, చికిత్స అవసరమని డాక్టరు చెప్పకముందే.

అమ్మానాన్నల్ని చేర్చే వీలు లేదు. కుటుంబ బీమా జీవిత భాగస్వామికి, పిల్లలకే. వాళ్లు చూడడానికి వస్తే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా కావాలి. అందులో పాత జబ్బులకు సాధారణంగా కవర్ ఉండదు. షుగర్, బీపీ మందులు సరిపడా ప్రిస్క్రిప్షన్‌తో సహా తెచ్చుకోమనండి. వరంగల్‌లో వాళ్ల పేరు మీద మంచి హెల్త్ పాలసీ లేకపోతే, ఏజెంటుకు ఇచ్చే సమయాన్ని ముందు దానికి ఇవ్వండి.