పోకర్ ఖాతా తాళం, జీతం ఖాతా తలుపు

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాను. ఇక్కడ అనుమతి ఉన్న ఒక పోకర్ సైట్‌లో వారాంతాల్లో ఆడతాను. అందులో 2,300 డాలర్లు ఉండేవి. పది రోజుల కిందట నేను నిద్రలో ఉండగా ఎవరో లాగిన్ అయి ఆ డబ్బంతా ఊడ్చేశారు. అది చాలక నా చెకింగ్ ఖాతా నుంచి ఇంకో 1,800 డాలర్లు సైట్‌లోకి లాగి, వాటినీ పట్టుకుపోయారు. నేను ఎన్నో ఏళ్లుగా చాలాచోట్ల ఒకే పాస్‌వర్డ్ వాడుతున్నాను, తప్పు నాదే. ఇంట్లో ఇంకా చెప్పలేదు. డబ్బు తిరిగొస్తుందా? జీతం పడేది కూడా ఆ ఖాతాలోనే. మార్చాలా?

జవాబు: బ్యాంకు నుంచి పోయిన 1,800 డాలర్లు తిరిగొచ్చే అవకాశం బాగానే ఉంది. పోకర్ ఖాతాలోని 2,300 గురించి అంత గట్టిగా చెప్పలేను. రెండూ ఒకే రాత్రి పోయినా, ఒక్కోదాన్ని అడగాల్సిన చోటు వేరు.

ఇప్పటికే పది రోజులు గడిచాయి. ముందు బ్యాంకుకు ఫోన్ చేయండి. ‘ఈ బదిలీ నేను చేయలేదు, చేయమని ఎవరికీ చెప్పలేదు’ అని స్పష్టంగా చెప్పండి. అమెరికాలో ఇలాంటి ఎలక్ట్రానిక్ బదిలీలకు రెగ్యులేషన్ ఈ అనే నియమావళి వర్తిస్తుంది. ఆ బదిలీ కనిపించే స్టేట్‌మెంట్ బ్యాంకు పంపినప్పటి నుంచి 60 రోజుల్లోగా మీరు చెప్పాలి. బ్యాంకు మామూలుగా 10 పనిదినాల్లో విచారణ తేల్చాలి. తేల్చలేకపోతే ఆ సొమ్మును తాత్కాలికంగా మీ ఖాతాలో జమచేసి, మీరు చెప్పినప్పటి నుంచి సాధారణంగా 45 రోజుల దాకా విచారణ సాగించవచ్చు. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, అదే విషయం రాసి కూడా పంపండి. బ్యాంకు అడిగినా 10 పనిదినాల్లో రాసి పంపకపోతే ఆ తాత్కాలిక జమ ఇవ్వనక్కర్లేదు.

‘తప్పు నాదే’ అన్న మాట మీ ఉత్తరంలో నన్ను బాగా బాధపెట్టింది. బ్యాంకుతో ఆ మాట అనాల్సిన పనిలేదు. ఖాతాదారు అజాగ్రత్తగా ఉన్నాడన్న కారణం చూపి అతని మీద ఎక్కువ భారం మోపడానికి ఈ నియమావళి ఒప్పుకోదు. పాత పాస్‌వర్డ్ వాడినంత మాత్రాన దొంగకు మీరు అనుమతి ఇచ్చినట్టు కాదు. సిగ్గుపడి నోరు విప్పకపోవడం వల్లే చాలామంది గడువు పోగొట్టుకుంటారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగితే ఏం లాభం?

ఇక 2,300 సంగతి. సైట్‌కు ఈమెయిల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఆ రాత్రి ఏ పరికరం నుంచి లాగిన్ అయ్యారో, ఫోన్ నంబరు గానీ పాస్‌వర్డ్ గానీ ఎప్పుడు మారిందో, డబ్బు ఏ కార్డుకు వెళ్లిందో అడగండి. పోకర్‌లో డబ్బు లాగడానికి దొంగకు ఇంకో దారి కూడా ఉంది. దొంగ మీ ఖాతాతో టేబుల్ మీద కూర్చుని, ఎదుటి సీటులో ఉన్న తన మనిషికి కావాలనే ఓడిపోతాడు. దీన్నే చిప్ డంపింగ్ అంటారు. చూడటానికి మామూలు ఆటలాగే ఉంటుంది గానీ ప్రతి హ్యాండ్, అంటే ముక్కలు పంచి ఆడిన ఒక్కో ఆట రికార్డూ సైట్ దగ్గర ఉంటుంది. కాబట్టి ఆ రాత్రి హ్యాండ్ హిస్టరీ మొత్తం కావాలని ప్రత్యేకంగా రాయండి. సైట్ సరిగా స్పందించకపోతే న్యూజెర్సీ గేమింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. ఎఫ్‌బీఐ వారి ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రం ఐసీ3లో కూడా నమోదు చేయండి. ఆ కాగితం బ్యాంకు దగ్గర పనికొస్తుంది.

వాళ్లు లోపలికి ఎలా వచ్చారో ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసినదాన్ని బట్టి ఊహించగలను. 2022 నవంబరులో డ్రాఫ్ట్‌కింగ్స్ అనే బెట్టింగ్ సంస్థలో ఇలాగే జరిగింది. దొంగలు ఆ సంస్థ కంప్యూటర్లను బద్దలు కొట్టలేదు. వేరే సైట్ల నుంచి ఎప్పుడో లీకైన ఈమెయిల్, పాస్‌వర్డ్ జతలను వరసగా ప్రయత్నించి చూశారు. దాదాపు 60,000 ఖాతాలు తెరుచుకున్నాయి. వాటిలో సుమారు 1,600 ఖాతాల నుంచి 6 లక్షల డాలర్ల దాకా పోయాయి. కేసులో మొదట దొరికినవాడు విస్కాన్సిన్‌కు చెందిన 18 ఏళ్ల కుర్రాడు. పద్ధతి చూడండి: ముందు 5 డాలర్లు డిపాజిట్ చేస్తారు. పాస్‌వర్డ్ మారుస్తారు. పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో అంచె కోడ్ తమ ఫోన్‌కు వచ్చేలా పెట్టుకుంటారు. ఆ తర్వాత దొరికినంతా లాగేస్తారు. మీ స్టేట్‌మెంట్‌లో కూడా అలాంటి చిన్న మొత్తం ఉందేమో వెతకండి. ఉంటే దాన్నీ ఫిర్యాదులో చేర్చండి.

లింక్డిన్ నుంచి 2012లో పోయిన పాస్‌వర్డ్‌లు 2016లో కూడా అమ్మకానికి వచ్చాయి. అప్పటి పాస్‌వర్డే ఇప్పటికీ వాడుతుంటే మీ ఇంటి తాళంచెవి బజారులో వేలాడుతున్నట్టే.

నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో తరచూ కనిపించే పాస్‌వర్డ్ ఒకటుంది: పాప పేరు, పుట్టిన ఏడాది, చివర ఒక ఆశ్చర్యార్థకం. బ్యాంకుకు అదే, కిరాణా యాప్‌కు అదే, ఈమెయిల్‌కూ అదే. అన్నిటికంటే ముందు మార్చాల్సింది ఈమెయిల్‌ది, ఎందుకంటే మిగతా పాస్‌వర్డ్‌లన్నీ మార్చుకునే లింకులు అక్కడికే వస్తాయి. దాని కొత్త పాస్‌వర్డ్‌గా సంబంధం లేని ఐదారు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోండి. రోలు, గొడుగు, కందిపొడి, పడవ, చీపురు అన్నట్టు. ఇవే వాడకండి, మీ మాటలు మీరు ఎంచుకోండి. మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు పాస్‌వర్డ్ మేనేజర్ అనే యాప్ తయారుచేసి గుర్తుపెట్టుకుంటుంది. రెండో అంచె కోడ్ కోసం వీలైనచోట ఎస్సెమ్మెస్ బదులు, ఫోన్‌లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి, మీ నంబరును తమ సిమ్‌లోకి మార్పించుకునే దొంగలూ ఉన్నారు.

జీతం ఖాతా తప్పకుండా మార్చండి. ఆ నంబరు పరాయి చేతుల్లో పడి ఉండవచ్చు. కొత్త చెకింగ్ ఖాతా తెరిచి, జీతం అందులో పడేలా చేయండి. ఇంటి అద్దె, కారు వాయిదా అన్నీ కొత్తదానికి మారాయని ఒకటి రెండు జీతాల దాకా చూసుకుని పాతది మూసేయండి. చెకింగ్‌లో డబ్బు చాలనప్పుడు సేవింగ్స్ నుంచి తీసుకునేలా, ఓవర్‌డ్రాఫ్ట్ పేరుతో ఆ రెండూ కలిపి ఉంటే ఆ కలయిక ఈ రోజే తీసేయించండి, లేకపోతే దొంగ చెయ్యి పొదుపు దాకా వెళ్తుంది. ఇకముందు ఆడదలిస్తే వేరే బ్యాంకులో చిన్న ఖాతా ఒకటి తెరిచి, సైట్‌కు దాన్నొక్కదాన్నే జతచేయండి. ఆ నెల ఆటకు అనుకున్నంతే అందులో ఉంచండి. గెలిచిన డబ్బును పోకర్ సైట్‌లో పేర్చి ఉంచినా మీకు వడ్డీ రాదు.

ఇండియాలో ఉన్న పాఠకులకు ఒక మాట. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025 చట్టంతో నిషేధించాయి. ఆట ఆగినా మీ పాత యాప్‌లో పాన్, బ్యాంకు వివరాలు ఉండిపోయి ఉండవచ్చు. మిగిలిన డబ్బు తీసుకుని ఖాతా మూసేయమని అడగండి. మోసం జరిగితే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మీ ఇంట్లో ఈ రాత్రే చెప్పండి. జీతం ఖాతా మారుస్తున్నప్పుడు మీ ఆవిడకు తెలియకుండా అద్దె చెక్కు వెనక్కి వచ్చిందంటే, అప్పుడు చెప్పాల్సింది ఇంకా ఎక్కువ ఉంటుంది. పైగా తను కూడా అదే పాస్‌వర్డ్ ఎక్కడైనా వాడుతుండవచ్చు. ఇద్దరూ కూర్చుని మార్చుకోండి. సైట్ జవాబు వచ్చాక నాకు రాయండి. రాష్ట్ర విభాగానికి పంపే ఫిర్యాదులో ఏం ఉండాలో కలిసి చూద్దాం.