తుఫాను నీళ్ల నుంచి బియ్యం పురుగు దాకా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మాట అడుగుతున్నాయి: కరెంటు, నీళ్లు, గ్యాసు, కొట్టు నాలుగు రోజులు అందకపోతే ఇల్లు ఎలా నడపాలి? దానికి దగ్గరగా ఉన్న ప్రశ్నలు ఏరి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మేం నలుగురం, రెండు గదుల ఇల్లు. తుఫాను హెచ్చరిక వచ్చాక కొట్టుకు పరిగెత్తితే బ్రెడ్డు, కొవ్వొత్తులు కూడా దొరకవు. ఎక్కువ ఖర్చు లేకుండా ముందే ఏం పెట్టుకోవాలి?
– ఒక గృహిణి, భీమిలి

జవాబు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటాక ఎన్నో వీధులకు రోజుల తరబడి కరెంటు రాలేదు. కరెంటు లేకపోతే మోటారు తిరగదు, మోటారు తిరగకపోతే కుళాయి రాదు. కాబట్టి లెక్క నీళ్లతో మొదలుపెట్టండి. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు 5 లీటర్లు వేసుకుంటే నలుగురికి నాలుగు రోజులకు 80 లీటర్లు. అంటే 20 లీటర్ల క్యాన్లు నాలుగు. క్యాన్లు లేకపోతే మూతలున్న స్టీలు బిందెలు చాలు. పెయింటు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా తాగేనీళ్లకు పనికిరావు. వాడకం నీళ్లకు డ్రమ్ములు, బకెట్లు, ఆఖరికి వంటగిన్నెలు కూడా నింపేయండి.

డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకు ఉంటే దాన్ని నిండుగా ఉంచి మూతను తాడుతో బిగించండి. ఖాళీ ట్యాంకును గాలి ఎత్తుకుపోతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు కాబట్టి కదలదు. హెచ్చరిక రాగానే చెయ్యాల్సిన మొదటి పని ఇదే, దీనికి రూపాయి ఖర్చు లేదు.

తిండికి పొయ్యి అక్కర్లేనివి చూసుకోండి: దళసరి అటుకులు 2 కిలోలు, మరమరాలు, పుట్నాలపప్పు కిలో, బెల్లం కిలో, వేయించిన వేరుశనగ గుళ్లు, పాలపొడి, ఊరగాయ. అటుకులు కాసిని నీళ్లు చల్లి మూతపెడితే ఐదు నిమిషాల్లో తినడానికి సిద్ధం. ఇవేవీ తుఫాను కోసమని కొని అటకెక్కించకండి. ఆరు నెలలకు తీస్తే పుట్నాలు ముక్కిపోయి, బెల్లం కారిపోయి ఉంటాయి. రోజూ తినేవే రెండు వారాలకు సరిపడా ఎక్కువ ఉంచి, కొత్తది తెచ్చినప్పుడల్లా వెనక పెట్టి, పాతది ముందు వాడండి. డబ్బా మీద తేదీ రాయడం మరిచిపోకండి.

ఇంకా కొన్ని. బీపీ, షుగరు మందులు కనీసం పది రోజులకు ఉండాలి. చిన్న నోట్లు కాస్త దగ్గరుంచుకోండి, కరెంటు లేకపోతే ఏటీఎం పనిచెయ్యదు. ఆధార్, బ్యాంకు పుస్తకం, ఇంటి కాగితాలు రెండు పాలిథిన్ కవర్లలో ఒకదానిలో ఒకటి పెట్టి కట్టండి. టార్చిలో సెల్సు ఉంచేస్తే కారి స్ప్రింగు తుప్పు పడుతుంది, పక్కన విడిగా పెట్టండి. కరెంటు పోయాక ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంటే సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. ముందు రోజే నీళ్ల సీసాలు గడ్డకట్టించి లోపల పెడితే ఇంకాస్త ఆగుతుంది. ఆ చల్లదనం పోయేలోపే పాలు, చేపలు, కూరలు మొదట వండేయండి. వాసన తేడాగా ఉన్నది మాత్రం మొహమాటం లేకుండా పారెయ్యండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చి సంపు నిండా బురదనీరు చేరింది. మళ్లీ అలా జరిగితే ఎలా శుభ్రం చేసుకోవాలి? బ్లీచింగ్ పౌడర్ ఎంత వెయ్యాలో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఎవరి సంపు ఎంతో కొలవకుండా ‘రెండు గుప్పిళ్లు’ అని చెప్పడం వల్లే ఈ గందరగోళం. అందుకే ముందు కొలవండి. పొడవు, వెడల్పు, నీటి లోతు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28తో గుణిస్తే లీటర్లు. ఉదాహరణకు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల నీళ్లు ఉంటే 120 ఘనపుటడుగులు, దాదాపు 3,400 లీటర్లు.

వరదనీరు చేరిన సంపులోని నీళ్లకు మందు వెయ్యడం దండగ. క్లోరిన్ బురదలో కలిసి ఖర్చైపోతుంది, క్రిములు మిగిలిపోతాయి. మొత్తం తోడి, అడుగు బురద ఎత్తి, గోడలు బ్రష్షుతో రుద్ది కడిగి, కొత్తనీళ్లు నింపాక లెక్క మొదలు. మంచి బ్లీచింగ్ పౌడర్‌లో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. వరద తర్వాత దానికి రెట్టింపు, వెయ్యి లీటర్లకు 5 గ్రాములు వెయ్యండి. పై సంపుకు 17 గ్రాములు. కొట్లో బంగారం తూచే చిన్న కాటా మీదో, వంటింటి కాటా మీదో తూచండి.

పొడిని నేరుగా సంపులో చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, ముప్పావు బకెట్ నీళ్లు పోసి కలియబెట్టి, పది నిమిషాలు వదిలెయ్యండి. సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లే సంపులో వంచాలి, అడుగున మిగిలిన తెల్లటి ముద్ద పారెయ్యాలి. అది పడితే నీళ్లు కఠినమవుతాయి, సబ్బు సరిగా నురగదు. ఆ తర్వాత గంట ఆగండి. గంటకు గ్లాసు నీళ్లు ముక్కు దగ్గర పెడితే సన్నగా క్లోరిన్ వాసన రావాలి. రాలేదంటే పొడి చచ్చిపోయిందన్నమాట: మూత తీసిన ప్యాకెట్టు గాలికీ తేమకీ వారాల్లోనే బలం కోల్పోతుంది. అలాంటిది ఎంత వేసినా లాభం లేదు, కొత్తది తెచ్చుకోండి. ఈ పొడి దగ్గర టాయిలెట్ కడిగే యాసిడ్ మాత్రం పెట్టకండి. రెండూ కలిస్తే వచ్చే వాయువు ఊపిరితిత్తులను కాలుస్తుంది.

సంపు కడిగేదాకా తాగేనీళ్లు కావాలి కదా. మట్టినీళ్లు వస్తుంటే పటిక ముక్కను బిందెలో నాలుగైదుసార్లు తిప్పి రాత్రంతా కదపకుండా ఉంచండి. పాతకాలంలో కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసేవారు, అదీ మట్టిని దింపుతుంది. అయితే ఇవి రెండూ నీళ్లను తేటచేస్తాయే తప్ప క్రిములను చంపవు. పైన తేరినవి వంచుకుని, తెర్లాక కనీసం ఒక నిమిషం మరగనిచ్చి తాగండి. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే, లీటరు మరగకాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టి ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టించండి. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం, అందుకే రుచి చూడండి: కన్నీటి కంటే ఉప్పగా ఉండకూడదు.

ప్రశ్న: కోతలయ్యాక ఏడాదికి సరిపడా బియ్యం, పప్పులు కొనిపెట్టుకుంటాం. జూన్ వచ్చేసరికి ముక్కపురుగు. ఎండబెడితే బియ్యం నూకలవుతోంది. మా బంధువొకరు గోధుమలకు వేసే గుళికలు బియ్యంలో వెయ్యమంటున్నారు. వెయ్యొచ్చా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: గుళిక విషయం ముందు. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ గుళిక గాలిలోని తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. మనుషులు పడుకునే ఇంట్లో అది ప్రాణాంతకం. దానికి విరుగుడు మందు కూడా లేదు. పాదరసం గుళికలు, బోరిక్ పౌడర్ కూడా తినే గింజలో కలపవద్దు. కడిగితే పోతుందన్న మాట నమ్మకండి.

అసలు పురుగు ఎక్కడినుంచి వస్తుందో చూస్తే పరిష్కారం తెలుస్తుంది. ముక్కపురుగు ఆడది గింజకు సన్నటి రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పిల్ల లోపలే తిని, వేడిగా ఉన్న రోజుల్లో నెలకల్లా గింజను చీల్చుకుని బయటికి వస్తుంది. అంటే మీరు కొన్న రోజున శుభ్రంగా కనిపించిన బియ్యంలోనే గుడ్లు ఉండొచ్చు. 

కాబట్టి చెయ్యాల్సినవి ఇవి. కొన్నప్పుడు గింజను పంటికింద పెట్టి కొరకండి. చటుక్కున విరగాలి. మెత్తగా నలిగితే తేమ ఎక్కువ, ఆ బస్తా తీసుకోకండి. తేమ 12 శాతం దగ్గర ఉంటేనే ఏడాది నిలుస్తుంది. బియ్యాన్ని మిట్టమధ్యాహ్నం ఎండలో పోస్తే పైపొర గబగబా ఆరి గింజ పగులుతుంది, మీకు నూకలు వచ్చేది అందుకే. నీడన, గాలి తగిలే చోట బట్ట మీద పల్చగా రెండు రోజులు పరిచి, జల్లించి నింపండి. ఎండ పప్పులకు, పెసలకు, మినుములకు.

పాత బస్తా మళ్లీ వాడాలంటే కుట్ల సందుల్లో పురుగు ఉంటుంది, మరిగే నీళ్లలో ముంచి ఎండబెట్టాలి. డబ్బా అయితే అంచుదాకా నింపి మూత బిగించండి. సగం డబ్బా ఖాళీగా ఉంటే పురుగుకు ఊపిరి ఆడినట్టే. 25 కిలోల డబ్బా ఒకటికి బదులు చిన్నవి నాలుగు పెట్టుకుంటే, వాడేది తప్ప మిగతావాటి మూత తియ్యక్కర్లేదు. బస్తాలైతే గోడకు మూరెడు దూరంగా, చెక్కల మీద. ఎండిన వేపాకు, ఎండుమిర్చి వేసే అలవాటు మంచిదే, కొత్త పురుగు చేరకుండా కొంత ఆపుతుంది, కానీ లోపల ఉన్న గుడ్డును చంపదు. చంపేది చలి: నాలుగైదు కిలోల సంచులు కట్టి డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచితే గుడ్లు, పిల్లలు అన్నీ పోతాయి. తీశాక సంచి విప్పకుండా గది వేడికి వచ్చేదాకా ఆగండి. లేకపోతే చెమ్మ పట్టి బూజు పడుతుంది.

పుచ్చుపురుగు కథ వేరు. అది పెసలు, మినుములు, బొబ్బర్లలాంటి నిండు గింజల పైపొర మీద గుడ్డు పెడుతుంది, తెల్లచుక్కలా కనిపిస్తుంది. కందులకు ఆముదం రాసే పద్ధతి పనిచేసేది ఇందుకే: నూనె పైపొరను కప్పి గుడ్డుకు గాలి అందకుండా చేస్తుంది. కిలోకు చిన్న చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు చాలు. ఒక్కో గింజా మెరిసేలా చేత్తో పట్టించాలి, గింజలు అంటుకునేంత కాదు. వండేముందు వేడినీళ్లతో కడిగేస్తే పోతుంది.

ప్రశ్న: 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ నిల్వ సామర్థ్యం) ట్యూబులర్ బ్యాటరీ, ఇన్వర్టర్ ఉన్నాయి. మొదట్లో ఆరు గంటలు వచ్చేది, ఇప్పుడు రెండు గంటలకే బీప్ అంటోంది. మెకానిక్ బ్యాటరీ మార్చమంటున్నాడు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మార్చేముందు లెక్క, తర్వాత నీళ్లు, ఆ తర్వాత టెర్మినల్ చూడండి. 12 వోల్టులను 150తో గుణిస్తే 1,800 వాట్ అవర్లు. బ్యాటరీ పూర్తిగా ఖాళీ చెయ్యకూడదు కాబట్టి అందులో 80 శాతం, ఇన్వర్టర్‌లో పోయేది పోగా సుమారు 1,150. పాత ఫ్యాన్లు రెండు (75 వాట్లు చొప్పున), ఎల్ఈడీ బల్బులు మూడు (9 వాట్లు చొప్పున) కలిపి 177 వాట్లు, ఆరున్నర గంటలు. అదే ఫ్యాన్లు తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం అయితే మొత్తం 87 వాట్లు, 13 గంటలు. ఈ మధ్య ఇన్వర్టర్ లైన్‌కు టీవీ, ఫ్రిజ్ ఎక్కాయేమో చూడండి. చాలా ఇళ్లలో తేలేది ఇదే.

లోడు సరిగానే ఉంటే బ్యాటరీ ప్లగ్గుల మీద నీటి మట్టం చూపే ఫ్లోటు చూడండి. ఎర్రగీత కిందికి దిగిందంటే ప్లేట్లు గాలికి తేలి తెల్లబారి చెడుతున్నాయి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఆర్వో నీళ్లలో, ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు, దుమ్ము, లోహం ఉంటాయి. ప్లేట్లు మునిగి ఉంటే పూర్తిగా ఛార్జ్ అయ్యాకే పోయండి. ముందే గీత దాకా పోస్తే ఛార్జ్‌లో పొంగి యాసిడ్ పైకొస్తుంది. ఆ పని చేసేటప్పుడు కిటికీలు తెరవండి, దగ్గర అగ్గిపుల్ల గియ్యకండి, ఛార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది.

టెర్మినల్ మీద పచ్చటి, తెల్లటి పూత ఉంటే ఇన్వర్టర్ ఆపి, మొదట మైనస్ వైరు విప్పి, గ్లాసు వేడినీళ్లలో చెంచా వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. సోడా నీళ్లు లోపలికి పోకుండా ప్లగ్గులు బిగించి ఉంచాలి. ఆరాక వాజిలిన్ రాసి బిగించండి. ఇన్ని చేసినా పూర్తి ఛార్జ్ తర్వాత రెండు గంటలకే పడిపోతే మీ మెకానిక్ మాట నిజం.

ప్రశ్న: సిలిండర్‌లో ఎంత మిగిలిందో ఇంట్లోనే ఎలా తెలుసుకోవచ్చు? పాత సిలిండర్ ఇచ్చారేమోనన్న అనుమానం కూడా ఉంది.
– ఒక గృహిణి, ఒంగోలు

జవాబు: తడిబట్టతో సిలిండర్‌ను పైనుంచి కింది దాకా ఒకసారి తుడవండి. పైభాగం నిమిషంలో ఆరిపోతుంది, కిందిభాగం తడిగానే ఉంటుంది. ఆరిన చోటికీ తడి చోటికీ మధ్య గీతే లోపలి ద్రవం మట్టం. ఇంకా ఖచ్చితంగా కావాలంటే తూచండి: సిలిండర్ మీద రాసిన ఖాళీ బరువుకు 14.2 కిలోలు కలిపితే నిండు సిలిండర్ బరువు. తెచ్చిన రోజే తూకం చూపించమని అడగడం మీ హక్కు.

హ్యాండిల్ దగ్గర లోపలివైపు పలకల మీద ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి–మార్చి, బి ఏప్రిల్–జూన్, సి జూలై–సెప్టెంబరు, డి అక్టోబరు–డిసెంబరు. ‘సి 27’ అని ఉంటే 2027 సెప్టెంబరు దాకా వాడొచ్చు, ఆ తర్వాత మళ్లీ పరీక్షించాలి. తేదీ దాటినది వస్తే తీసుకోకండి. రబ్బరు పైపు ఐదేళ్లకోసారి మార్చండి. చీలికలు కనిపిస్తే ఆ రోజే మార్చాలి. లీకు అనుమానం వస్తే సబ్బునీళ్లు రాసి బుడగలు చూడండి. వాసన గుప్పున కొడితే రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, లైటు స్విచ్ వెయ్యకుండా, తియ్యకుండా ఇంట్లోవాళ్లను బయటికి తీసుకెళ్లి, బయటినుంచే 1906కు ఫోన్ చెయ్యండి.