కంపైలర్‌కు కనబడని క్లాసు

ప్రశ్న: మా ప్రాజెక్టులో జావా మూల క్లాసు నుంచి కోట్లిన్‌లో ఒక క్లాసును, దాని నుంచి మళ్ళీ జావాలో మరో క్లాసును రాశాము. మేవెన్ అనే సాధనంతో బిల్డ్ చేస్తే చివరి జావా ఫైలులో ‘కెనాట్ ఫైండ్ సింబల్’ (ఆ పేరు దొరకలేదు) అన్న ఎర్రర్ వస్తోంది. ప్యాకేజీ పేరు, ఇంపోర్టు సరిగానే ఉన్నాయి; ఎడిటర్ కూడా తప్పు చూపడం లేదు. లోపం ఎక్కడ?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి లోపం కోడ్‌లో కాక, కంపైలర్లు నడిచే వరుసలో ఉంది. జావా కంపైలర్‌కు కోట్లిన్ సోర్సు అర్థం కాదు; కోట్లిన్ క్లాసు అప్పటికే కంపైలై, క్లాస్ ఫైలుగా క్లాస్‌పాత్‌లో (కంపైలర్ క్లాసుల కోసం వెతికే చోట్లలో) ఉంటేనే అది దాన్ని గుర్తిస్తుంది. కోట్లిన్ కంపైలర్ మాత్రం జావా సోర్సును కంపైల్ చేయకపోయినా, అందులోని క్లాసులు, మెథడ్‌ల ప్రకటనలను చదువుకోగలదు. కాబట్టి మీలాంటి మూడంచెల వారసత్వం నిలవాలంటే కోట్లిన్ ముందు, జావా తరువాత నడవాలి.

మేవెన్‌లో జావా ప్లగిన్‌కు ‘డిఫాల్ట్-కంపైల్’ అనే అంతర్నిర్మిత ఎగ్జిక్యూషన్ (ప్లగిన్‌ను ఒకసారి నడిపే అమరిక) ఉంటుంది, మార్చకపోతే అదే ముందు నడుస్తుంది. అది నడవకుండా దాని ఫేజ్‌ను (బిల్డ్‌లో అది నడిచే దశను) ‘నన్’ (none) చేసి, మేవెన్ అమరికలుండే పామ్ ఫైలులో కోట్లిన్ ప్లగిన్ తరువాత జావాకు వేరొక ఎగ్జిక్యూషన్ రాయండి. కోట్లిన్ సోర్సు డైరెక్టరీల జాబితాలో జావా డైరెక్టరీని కూడా చేర్చండి. ఆపైన తప్పనిసరిగా ‘క్లీన్’తో పాత ఫలితాలను తుడిచి బిల్డ్ చేయండి. టార్గెట్ ఫోల్డర్‌లో మిగిలిన పాత క్లాస్ ఫైళ్ళు జావా కంపైలర్‌కు దొరికితే, వరుస తప్పుగా ఉన్నా మీ యంత్రంలో బిల్డ్ నెగ్గి, కొత్త యంత్రంలో విఫలమవుతుంది. ఎందరినో చాలాసేపు దారి తప్పించేది ఇదే.

వరుస సరిచేశాక కోట్లిన్ వైపు ‘అన్‌రిజాల్వ్‌డ్ రిఫరెన్స్’ వస్తే, మూల క్లాసులో లాంబాక్ (గెటర్ల వంటి మామూలు మెథడ్‌లను తానే పుట్టించే జావా లైబ్రరీ) వాడారేమో చూడండి. కోట్లిన్ కంపైలర్ చదివేది మీరు రాసిన సోర్సునే గనుక, లాంబాక్ తరువాత పుట్టించే గెటర్లు దానికి కనబడవు. కోట్లిన్ 1.5.20 నుంచి ఇందుకొక కంపైలర్ ప్లగిన్ ఉంది. అయినా అందరూ వారసత్వంగా తీసుకునే మూల క్లాసులో గెటర్లను చేత్తో రాసుకోవడమే మేలని నా అభిప్రాయం.

‘కెనాట్ ఇన్‌హెరిట్ ఫ్రమ్ ఫైనల్’ అని వస్తే మాత్రం పరిష్కారం చిన్నదే. కోట్లిన్ క్లాసులు సహజంగా ఫైనల్, అంటే వాటి నుంచి వేరే క్లాసు రాయలేము కాబట్టి, క్లాసు ముందు ‘ఓపెన్’ అని రాయాలి. అందులో కొత్తగా రాసిన మెథడ్‌లను జావాలో ఓవర్‌రైడ్ చేయాలంటే వాటికీ విడిగా ‘ఓపెన్’ కావాలి. జావా మూల క్లాసు నుంచి ఓవర్‌రైడ్ చేసినవి మాత్రం, మీరు ఫైనల్ అని రాయనంత వరకు, వాటంతట అవే ఓపెన్‌గా ఉంటాయి.