రెండో ఇల్లంటే రెండో వంటిల్లు కూడా

ప్రశ్న: మేం మిషిగన్‌లోని నోవైలో 31 ఏళ్లుగా ఉంటున్నాం. ఆయనకు 69 ఏళ్లు, కార్ల కంపెనీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. నాకు 66. పోయిన ఫిబ్రవరిలో డ్రైవ్‌వే మీద గడ్డకట్టిన మంచుపై జారిపడితే నా మణికట్టు విరిగింది. అప్పటి నుంచి ఆయన ఒకటే పట్టు పట్టారు. ఏటా చలికాలం నాలుగు నెలలు ఫ్లోరిడాలో ఉందామంటారు. టాంపా దగ్గర ఐదో అంతస్తులో రెండు పడగ్గదుల కాండో (ఫ్లాటు) చూసొచ్చారు కూడా. ధర 2,80,000 డాలర్లు, నెలకు హెచ్‌ఓఏ (భవనం నిర్వహణకు కట్టే రుసుము) 720. 401(కె) రిటైర్మెంట్ పొదుపులోంచి ఒకేసారి తీసి కొనేద్దామంటున్నారు. ఫ్లోరిడాలో స్టేట్ ట్యాక్స్ లేదు కాబట్టి ఆ మిగులుతోనే ఖర్చు గడిచిపోతుందట. ఆయన స్నేహితులిద్దరు అక్కడే స్థిరపడ్డారు. నేనేమో రోజూ మనవణ్ణి స్కూలు నుంచి తెచ్చి సాయంత్రం దాకా చూసుకుంటాను. హైవే మీద కారు నడపలేను. ‘అంత డబ్బు పోసే బదులు హైదరాబాద్‌లో మన ఫ్లాట్ ఉంది కదా’ అంటే ‘నా మాట ఎప్పుడు ఒప్పుకున్నావు గనక’ అని ముఖం తిప్పుకుంటున్నారు. మా అబ్బాయి ‘మీ ఇష్టం’ అని ఊరుకుంటాడు. నేను మొండిగా అడ్డుపడుతున్నానా?
– ఒక సోదరి, నోవై

జవాబు: అమ్మా, మీది మొండితనం కాదు. అలాగని ఆయనది వెర్రీ కాదు. 31 చలికాలాలు తెల్లారకముందే లేచి, పార పట్టుకుని మంచు ఎత్తిపోసి ఆఫీసుకు వెళ్లిన మనిషి. ఇక చాలు అనుకోవడంలో తప్పేముంది? పైగా మీరు పడ్డ ఫిబ్రవరి దగ్గరే ఈ పట్టు మొదలైందని మీరే రాశారు. ఆయన భయపడ్డారని నాకనిపిస్తోంది. మన ఇళ్లలో మగవాళ్లు భయమేసిందని చెప్పరు, ఏదో ఒకటి కొంటారు. కాబట్టి కాండో సంగతి ఎత్తేముందు ఆ రోజు సంగతి ఒకసారి ఎత్తండి. ‘నేను పడ్డప్పుడు నీకెలా అనిపించింది?’ అని అడగండి. ఆ మాట దాటకుండా లెక్కల్లోకి దిగితే, మీరు చెప్పే ప్రతి అంకె ఆయన చెవికి ‘వద్దు’ అనే వినిపిస్తుంది.

ఇక లెక్కలు. ఇక్కడ మాత్రం నేను మీ పక్షమే.

ముందు ఆ స్టేట్ ట్యాక్స్ మాట. ఫ్లోరిడాలో ఆదాయపు పన్ను లేని మాట నిజం. కానీ ఆ లాభం ఫ్లోరిడాను సొంత రాష్ట్రం చేసుకున్నవాళ్లకి. ఏడాదిలో ఎనిమిది నెలలు నోవైలోనే ఉండి, ఓటూ లైసెన్సూ డాక్టరూ అక్కడే పెట్టుకుంటే మీరు మిషిగన్ వాళ్లే, పన్నూ మిషిగన్‌కే. సోషల్ సెక్యూరిటీ పింఛను మీద మిషిగన్ ఎలాగూ పన్ను వేయదు. రిటైర్మెంట్ ఆదాయం మీద పన్నును కూడా 2023లో చేసిన చట్టంతో దశలవారీగా తగ్గించుకుంటూ వచ్చారు. అంటే మీవారు అనుకుంటున్న మిగులు ఆయన ఊహించినంత ఉండదు. పోనీ నిజంగానే ఫ్లోరిడాకి మారిపోయి అక్కడ హోమ్‌స్టెడ్ మినహాయింపు (కాపురముండే సొంతింటికి ఇచ్చే ఆస్తిపన్ను రాయితీ) తీసుకుంటే, నోవై ఇంటి మీద ఇప్పుడున్న అలాంటి రాయితీ, ప్రిన్సిపల్ రెసిడెన్స్ మినహాయింపు పోతుంది. రెండూ ఒకేసారి ఉంచుకోవడం కుదరదు. స్కూళ్ల నిర్వహణ కింద 18 మిల్లుల దాకా, అంటే వెయ్యి డాలర్ల విలువకు 18 డాలర్ల దాకా, పన్ను మళ్లీ పడుతుంది. ఇంటి ట్యాక్సబుల్ వాల్యూ (పన్నుకు లెక్కగట్టే విలువ) 1,50,000 అనుకుంటే ఏడాదికి 2,700 డాలర్లు అదనం.

401(కె) లోంచి ఒకేసారి తీయడం నన్ను ఇంకా కంగారు పెట్టింది. తీసిందంతా ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది, పై శ్లాబులోకి పోతారు. మెడికేర్ (65 దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రీమియం రెండేళ్ల కిందటి ఆదాయాన్ని బట్టి నిర్ణయిస్తారు కాబట్టి, ఇద్దరూ కలిపి రిటర్న్ వేసేవాళ్లయితే రెండేళ్ల తర్వాత మీ ఇద్దరి ప్రీమియమూ పెరుగుతుంది. కొన్నప్పుడు ఎవరికీ గుర్తుండని బిల్లు ఇది.

ఇప్పుడు కాగితం మీద వేసి చూద్దాం. హెచ్‌ఓఏ ఏడాదికి 8,640. ప్రాపర్టీ ట్యాక్సు, ఇన్సూరెన్సు, కరెంటు కలిపి 6,000 అనుకుందాం. 2,80,000 డాలర్లు వేరే చోట 4 శాతం తెస్తాయనుకుంటే వదులుకునే రాబడి 11,200. మొత్తం 25,840. ఉండేది 120 రోజులు. రోజుకు దాదాపు 215 డాలర్లు! నెలకు 3,500 అద్దెకు సామాన్లతో సహా ఇల్లు దొరికిందనుకుందాం. నాలుగు నెలలకు 14,000. ఆరు నెలలకు మించని అద్దె మీద ఫ్లోరిడాలో సేల్స్ ట్యాక్సూ, చాలా కౌంటీల్లో టూరిస్ట్ ట్యాక్సూ వేస్తారు, అవి కలిపినా 16,000 దగ్గర ఆగుతుంది. నేను వేసిన అంకెలు మార్చి మీ అంకెలు పెట్టుకోండి. కాండో ధర పెరిగితే లాభమేగా అని ఆయన అనొచ్చు. తగ్గితేనో?

కాండో గురించి ఇంకో సంగతి. 2021 జూన్ 24న మయామీ దగ్గర సర్ఫ్‌సైడ్‌లో ఒక కాండో భవనం కూలి 98 మంది పోయారు. ఆ తర్వాత 2022లో తెచ్చిన చట్టంతో మూడంతస్తులు, అంతకు మించిన కాండోలకు వయసు మీరాక తనిఖీలు తప్పనిసరి అయ్యాయి. మరమ్మతుల నిధిని వాయిదా వేసుకుంటూ పోవడం ఇప్పుడు కుదరదు. మంచి చట్టమే. కానీ ఏళ్ల తరబడి నిధి కట్టని భవనాల్లో ఆ బరువంతా ఇప్పుడున్న యజమానుల మీద ‘స్పెషల్ అసెస్‌మెంట్’ పేరుతో ఒక్కసారిగా పడుతోంది. మీవారు ఇంజినీరు కదా, ఆ భవనం తనిఖీ రిపోర్టు, రిజర్వ్ స్టడీ (మరమ్మతుల నిధి లెక్క), గత రెండేళ్ల మీటింగుల మినిట్స్ తెప్పించి చదవమనండి. మీరు వద్దనడం కంటే ఆ కాగితాలు ఆయన చేత ఎక్కువ ఆలోచింపజేస్తాయి.

తుఫాను కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఆ నెలల్లో మీరు నోవైలో ఉంటారు, కాండో అక్కడ తాళం వేసి ఉంటుంది. 2024లో హెలీన్, మిల్టన్ రెండు వారాల తేడాతో ఆ తీరాన్ని కొట్టాయి. ఎండాకాలం ఉక్కకు బూజు పట్టకుండా ఖాళీ ఇంట్లో కూడా ఏసీ నడుస్తూనే ఉండాలి. ఇటు చలికాలంలో నోవై ఇల్లు ఖాళీ. హీటర్‌ను 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తక్కువ కాకుండా ఉంచాలి, నీళ్లు మెయిన్ దగ్గర కట్టేయాలి, రోజుల తరబడి ఎవరూ లేని ఇంట్లో పైపు పగిలితే ఇన్సూరెన్సు ఇస్తుందో లేదో పాలసీ తీసి చదవాలి. వారానికోసారి వచ్చి చూసే మనిషి కావాలి. ఆ మనిషి మీ అబ్బాయే అయితే, ‘మీ ఇష్టం’ అని తప్పుకోవడం అతనికి కుదరదు.

వైద్యం సంగతి డబ్బు కంటే పెద్దది. మీది ఒరిజినల్ మెడికేర్ అయితే దాన్ని తీసుకునే డాక్టర్లు ఏ రాష్ట్రంలో ఉన్నా చెల్లుతుంది. ప్రైవేటు కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్ అయితే నెట్‌వర్క్, అంటే ఆ ప్లాన్ చెల్లే డాక్టర్ల జాబితా, ఉంటుంది. టాంపాలో ఎమర్జెన్సీ కాకుండా మామూలు చికిత్స దొరుకుతుందా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ప్లాన్ మార్చుకునే గడువు ఏటా అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7. అయితే నాకు తట్టిన ప్రశ్న వేరే. ఆయనకు ఏదైనా అయితే 911కి ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది సరే, మర్నాడు ఆస్పత్రికి మీరెలా వెళ్తారు? హైవే ఎక్కలేని మీరు, ఐ-75 మీద దాదాపు 1,200 మైళ్ల దూరంలో కొడుకు, ఆయన స్నేహితుల భార్యల ఫోన్ నంబర్లు కూడా మీ దగ్గర లేకపోవచ్చు. నోవైలో మీకు గుడి ఉంది, పక్కింటివాళ్లున్నారు, అర్ధరాత్రి పిలిచినా పలికే ఇద్దరు ముగ్గురున్నారు. అక్కడ ఆయనకు స్నేహితులు, మీకు గోడలు. మీ ఉత్తరంలో ఎక్కడా చెప్పకపోయినా మీరు భయపడుతున్నది దీనికే అనుకుంటాను.

వంటిల్లు మాట కూడా ఎత్తాలి. గ్రైండరు రెండోది కొంటారా, ఉన్నది కారులో వేసుకెళ్తారా? పప్పుల డబ్బాలు, ఆవకాయ జాడీ, పోపుల పెట్టె, కుక్కరు ఏటా రెండుసార్లు సర్దేదెవరు? రిటైరైంది ఆయన. మీరు రిటైరయ్యారా? ఈ ప్రశ్న కోపంగా కాకుండా నవ్వుతూ అడగండి. సర్దే పని సగం ఆయన తీసుకుంటేనే ప్రయాణమని ముందే ఒప్పందం చేసుకోండి.

మరి హైదరాబాద్? ఖర్చు తక్కువే, సంక్రాంతికి అందరినీ చూడొచ్చు. ఇద్దరికీ ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే కార్డు) ఉంటే వీసా బెడద లేదు. పన్ను విషయంలో మాత్రం మీ నాలుగు నెలలు సరిగ్గా గీత మీద ఉన్నాయి. భారత్‌లో వచ్చే ఆదాయం ఏడాదికి 15 లక్షలు దాటకపోతే 182 రోజుల కంటే తక్కువ ఉన్నంతవరకు చింత లేదు, దాటితే 120 రోజులకే రెసిడెంటు లెక్కలోకి రావచ్చు. మెడికేర్ మామూలుగా అమెరికా దాటితే పనికిరాదు. మెడికేర్ కట్టని ఖర్చులకు విడిగా కొనే మెడిగ్యాప్ పాలసీల్లో ప్లాన్ జి లాంటివాటిలో విదేశీ ఎమర్జెన్సీ ఉన్నా, ప్రయాణంలో మొదటి 60 రోజులకే, 250 డాలర్లు మీరు కట్టాక 80 శాతం, జీవితం మొత్తానికి 50,000 డాలర్ల పరిమితి. అక్కడ పాలసీ కొందామన్నా ముందు నుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. ఇవన్నీ పక్కన పెట్టినా, నా అనుమానం ఒకటుంది. ఫ్లోరిడాను కొట్టేయడానికే మీరు హైదరాబాద్‌ను పైకి తెచ్చారేమో. నిజంగా అక్కడ నాలుగు నెలలు ఉండాలని ఉందా? ఉంటే అది విడిగా అడగాల్సిన కోరిక. ఆయన కోరికకు జవాబుగా వాడితే రెండూ చెడతాయి.

మనవడి సంగతి అబ్బాయినీ కోడలినీ కూర్చోబెట్టి అడగండి. జనవరి నుంచి సాయంత్రాలు పిల్లవాణ్ణి ఎవరు తెస్తారు, ఆఫ్టర్ స్కూల్‌కి ఎంతవుతుంది, వాళ్లే చూసుకోవాలి. మీ అవసరం వాళ్లకెంతో మీకూ తెలుస్తుంది, వాళ్లకూ తెలుస్తుంది. ‘నువ్వు లేకపోతే ఎలా అమ్మా’ అన్న ఒక్క మాట కోసం మీరు ఎదురుచూస్తున్నారేమో కూడా చూసుకోండి.

నేనైతే మీవారికి చెప్పేదిదీ: ఈ చలికాలం కొనొద్దు, అద్దెకు తీసుకుందాం. జనవరి మొదటి వారం నుంచి మార్చి చివరి దాకా, మూడు నెలలే. ఆ నెలలకు గిరాకీ ఎక్కువ, ఎండాకాలంలోనే మాట్లాడుకోవాలి. ఇల్లు కొట్లకూ గుడికీ లోపలి రోడ్ల మీదుగా మీరు ఒక్కరే కారులో వెళ్లొచ్చే చోట చూడమనండి. అది మీ షరతు. బీచ్ కనబడాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. మధ్యలో ఒకసారి మనవణ్ణి చూడటానికి మీకు విమానం టికెట్టు, ముందే కొని పెట్టమనండి. ఏప్రిల్‌లో నోవై తిరిగొచ్చాక కొనాలా వద్దా అని ఇద్దరూ కలిసి మాట్లాడుకోండి.

ఇంకోటి మర్చిపోయాను. నోవై ఇంట్లో నీళ్ల మెయిన్ వాల్వు ఎక్కడుందో, ఎటు తిప్పితే కట్టవుతుందో బయల్దేరేముందు మీరూ చూసిపెట్టుకోండి. ఈ పని ఇన్నేళ్లూ ఆయన ఒక్కరే చేసుంటారు.