రెండోసారి వింటే ఏం మిగులుతుంది?

ప్రశ్న: కచేరీలో గంటసేపు రాగాలాపన విన్నా నాకు విసుగు రాదు. మా అన్నయ్య ఇచ్చిన ఒక విదేశీ సీడీ మాత్రం రెండోసారి వినలేకపోయాను. అందులో రాగం, తాళం, ముందే కట్టుకున్న వరస ఏవీ లేవు. అంతా అప్పటికప్పుడు వాయించిందేనట. అలాంటిది ఆల్బమ్‌గా వేయడంలో అర్థముందా? వయొలిన్ నేర్చుకుంటున్న మా అమ్మాయికి వినిపించవచ్చా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: అర్థముందమ్మా. అయితే వేసినవన్నీ వేయదగ్గవి కావు.

కచేరీలో విద్వాంసుడి ముఖం కనిపిస్తుంది, మృదంగం ఆయన తల ఊపుతాడు, పక్కవాళ్లు ‘భళా’ అంటారు. తర్వాత ఏం వస్తుందోనన్న ఆత్రం ఉంటుంది. సీడీలో ఇవేవీ ఉండవు, ఆత్రం కూడా మొదటిసారికే. అందుకే వింతదనం ఒక్కటే బలంగా ఉన్న వాయింపు రెండోసారికి చప్పబడిపోతుంది. ఆలోచన ఉన్నది మాత్రం రెండోసారికే తెరుచుకుంటుంది. ఈ స్వరం దగ్గర ఎందుకు ఆగాడు, వచ్చిన దారినే ఎందుకు వెనక్కి వెళ్లాడు అన్నది అప్పుడే వినబడుతుంది.

ఉదాహరణకు, అమెరికా జాజ్ పియానో విద్వాంసుడు కీత్ జారెట్ 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్‌లో ఒంటరిగా పియానో వాయించారు. ముందుగా సిద్ధం చేసుకున్న రచన లేదు. అడిగిన పెద్ద పియానో బదులు చిన్నది వచ్చింది. దాని పై స్వరాలు పలుచన, కింది స్వరాలకు నిండుదనం లేదు. అందుకని ఆయన ఎక్కువగా మధ్య భాగంలోనే ఉండి, ఎడమచేత్తో ఒకే వరసను తిప్పి తిప్పి వాయించారు. ఆ ఇబ్బందిలోంచి దారి వెతకడం ఆ కచేరీ రికార్డులో స్పష్టంగా వినిపిస్తుంది. లక్షల మంది కొని మళ్లీ మళ్లీ విన్నారు. చివర్లో జనం కోరితే వాయించిన ముక్క మాత్రం ఆయన పాత బాణీయే.

మనకిది కొత్త కాదు. ఆలాపన, తానం, నెరవల్, కల్పన స్వరాలు అన్నీ మనోధర్మమే, అంటే అప్పటికప్పుడు ఊహించి పాడేవే కదా. కాకపోతే మనకు రాగం గట్టు కడుతుంది. మీ సీడీలో ఆ గట్టు లేదు, కాబట్టి వినేవాళ్లకు కష్టం ఎక్కువ. మా విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులుగా, ప్రిన్సిపాల్‌గా ఉన్న వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కాలంలో గ్రామఫోను ప్లేటు ఒక వైపు మూడు, నాలుగు నిమిషాలే పట్టేది. రాగం రూపమంతా అందులోనే చూపాలి. ఎక్కువసేపు మోగే ఎల్పీ రికార్డులు వచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటింది, సీడీకి గంట పైనే. చోటు ఉంది కదా అని దొరికిందంతా నింపేయడమే నాకు నచ్చదు. అలాగని నాలుగు రోజుల వాయింపులోంచి మంచి ముక్కలు కోసి అతికించకూడదు. అతికిస్తే ఆలోచన తెగిపోతుంది. బాగా కుదిరిన ఒక్క రాత్రిని తడబాట్లతో సహా ఉంచాలి, కుదరని రాత్రులను పూర్తిగా వదిలేయాలి.

అమ్మాయికి తప్పక వినిపించండి. రోజుకు పది నిమిషాలు చాలు, వేరే పని చేస్తూ కాకుండా కూర్చుని వినాలి. విన్నదాన్ని స్వరం స్వరం దించమని మాత్రం అడగకండి. అందులో తనకు నచ్చిన ఒక్క చోటు చెప్పమనండి, అక్కడి నుంచి తనైతే ఎటు వెళ్లేదో కమాను చేతికిచ్చి వాయించమనండి. శ్రుతి తప్పితేనే ఆపండి, దారి తప్పితే ఆపకండి.